ట్రెక్కింగ్ సామాన్ల కుట్టు కిట్: 236 గ్రాముల నుంచి 144.6 గ్రాములకు

ఈ కిట్ చేయాల్సిన పనులు ఎనిమిది: టెంటు గోడ చిరుగు, దోమతెర కన్నం, బ్యాగు భుజం పట్టీ ఊడటం, బకిల్ విరగడం, జిప్పు పళ్లు పట్టకపోవడం, వానకోటు చిరుగు, ఈకల జాకెట్‌కు నిప్పురవ్వ కన్నం, ప్యాంటు కుట్టు విడిపోవడం. బూటు తోలు సూది, బొత్తాలు మినహా, వీటిలో ఒక్కదానికైనా పనికిరాని వస్తువుకు ఇందులో చోటు లేదు. బరువు హద్దు 150 గ్రా.

పాత కిట్ 236 గ్రా. తూగింది. అందులో రేకు డబ్బా ఒక్కటే 38 గ్రా., తాళంకుట్టు (పై దారం, కింది దారం ఒకదానికొకటి మెలిపడే కుట్టు) వేసే పిడి ఆరె 84 గ్రా. సగానికి పైగా బరువు ఈ రెండింటిదే.

పరీక్షకు వాడినవి: 0.1 గ్రా. వరకు చూపే కాటా, వెర్నియర్ కాలిపర్, 20 లీటర్ల బకెట్టు. లీటరు నీళ్లు కిలో కాబట్టి కుట్టు ఎంత బరువుకు తెగిందో బకెట్టే చెబుతుంది. ఖాళీ బకెట్టు బరువు కలపడం మరవొద్దు.

దశ 1: దారం

బట్టల షాపుల్లో తయారుగా దొరికే చిన్న కుట్టు పెట్టెలోని దారం మొదటి పరీక్షలోనే పోయింది. 25 మి.మీ. నైలాన్ పట్టీని బ్యాగు గుడ్డకు 12 కుట్లతో బిగించి బకెట్టు వేలాడదీస్తే, మొత్తం 14 కిలోల దగ్గర కుట్లు వరసగా తెగాయి. ముందు అంచు కుట్టు తెగుతుంది, దాని బరువు పక్కదాని మీద పడుతుంది, ఆపైన ఏదీ ఆగదు. నిండా సామాన్లున్న బ్యాగును ఒక్క పట్టీ పట్టుకుని ఎత్తితే పడే కుదుపు ఇంతకన్నా ఎక్కువే.

దారం లావును టెక్స్ అంకెతో చెబుతారు. 1000 మీటర్ల దారం ఎన్ని గ్రాములో అదే టెక్స్. ఈ ఒక్క సంగతి తెలిస్తే కాటా లేకుండానే బరువు లెక్క కట్టొచ్చు: టెక్స్ 70 దారం 20 మీటర్లు 1.4 గ్రా., టెక్స్ 27 దారం 10 మీటర్లు 0.27 గ్రా.

పోల్చినవి నాలుగు:

- నూలు దారం: తడిసి ఆరి, తడిసి ఆరి కుళ్లుతుంది. పక్కన పెట్టేశాం.
- మామూలు పాలిస్టర్, టెక్స్ 27: చొక్కా, ప్యాంటు, దోమతెర, పల్చటి టెంటు గుడ్డకు సరిపోతుంది. పట్టీలకు చాలదు.
- బాండెడ్ (పైన గట్టి పూత ఉన్న) నైలాన్, టెక్స్ 70: బలం బాగుంది, సాగుతుంది. ఎండలో మాత్రం పాలిస్టర్ కన్నా త్వరగా బలం కోల్పోతుంది. తడిస్తే ఇంకాస్త సాగుతుంది.
- బాండెడ్ పాలిస్టర్, టెక్స్ 70: సాగుడు తక్కువ, ఎండకు ఎక్కువ కాలం నిలుస్తుంది. బ్యాగూ టెంటూ రోజంతా ఎండలోనే ఉంటాయి కాబట్టి దీన్నే ఉంచాం.

అదే పట్టీ, అవే 12 కుట్లు, టెక్స్ 70 దారంతో వేస్తే నిండు బకెట్టుకు కూడా కదల్లేదు.

బాండెడ్ దారంతో ఒక చిక్కుంది. పైన గట్టి పూత ఉండటంతో నోట తడిపితే కొస మెత్తబడదు, సూది బెజ్జంలోకి పోదు. పల్చటి తీగ ఉండే దారం ఎక్కించే పరికరం వాడితే మూడోసారికే తీగ ఊడి చేతికొచ్చింది. మార్చిన పద్ధతి: టెక్స్ 27 దారాన్ని మడిచి ఆ మడతను బెజ్జంలోంచి దూర్చాలి, ఆ ఉచ్చులో లావు దారం కొస పెట్టి వెనక్కి లాగాలి. దీనికి అదనపు బరువేమీ లేదు. కొసను ఏటవాలుగా కోసుకుంటే ఇంకా తేలిక.

నడుస్తున్న మొత్తం: దారాలు 1.7 గ్రా.

దశ 2: సూదులు, వాటిని లాగే పని

ఎక్కువ సమయం ఇక్కడే పట్టింది. దారానికి తగిన సూది కాకపోతే మంచి దారం కూడా పాడవుతుంది.

0.7 మి.మీ. సూదిలో టెక్స్ 70 దారం ఎలాగో ఎక్కింది. పది పన్నెండు కుట్లయ్యేసరికి బెజ్జం దగ్గర దారం పురి విడిపోయి పీచు లేచింది. సూది చేసిన కన్నం దారం కన్నా ఇరుకైతే ప్రతి కుట్టుకూ దారం ఆ కన్నం అంచులకు ఒరుసుకుంటుంది. 0.9 మి.మీ. పెద్ద బెజ్జం సూదికి మారాక అదే దారం చివరిదాకా నున్నగా ఉంది. కుట్టుమిషన్ సూదుల మీద 90, 100, 110 అని ఉండే అంకెలు మి.మీ.లో వందో వంతులే: 90 అంటే 0.90 మి.మీ. చేతి సూదుల అంకెలు దీనికి తలకిందులు, అంకె పెరిగే కొద్దీ సూది సన్నబడుతుంది. గందరగోళం వద్దనుకుంటే కాలిపర్‌తో కొలిచి కొనడమే మేలు.

తోలు సూది ఇంకో పాఠం. దాని మొన మూడు పలకల కత్తి. తోలులో బాగా దిగుతుంది కదా అని నైలాన్ పట్టీలో వాడితే దిగింది నిజమే, కానీ దారాలను పక్కకు జరపకుండా కోసుకుంటూ దిగింది. పల్చటి రిప్‌స్టాప్ (చిరుగు పాకకుండా గళ్లుగా నేసిన) గుడ్డలోనైతే ప్రతి కన్నమూ చిన్న గాటు అయి, లాగితే అక్కడి నుంచే చిరిగింది. బూటు తోలు కోసం ఒక్కటి ఉంచి, పొరపాటున గుడ్డకు వాడకుండా బెజ్జానికి ఎర్ర దారం ముడి వేశాం.

వంపు సూది తప్పనిసరి. బ్యాగు అడుగు మూల, నురుగు నింపిన భుజం పట్టీ లాంటి చోట్ల లోపలి వైపుకు చెయ్యి పోదు. పై నుంచే దిగి పై నుంచే తేలేది ఇదొక్కటే.

ఇప్పుడు లాగడం. పట్టీ రెండు మడతలు, కింద బ్యాగు గుడ్డ రెండు పొరలు కలిసి కాలిపర్‌లో 4 మి.మీ. వచ్చింది. సూది సగం దిగాక వేళ్లు జారిపోతాయి. ప్రయత్నాలు ఈ వరసలో జరిగాయి:

1. తాళంకుట్టు ఆరె. కుట్టు చక్కగా పడింది. కానీ రెండో చెయ్యి లోపలి వైపు ఉచ్చు పట్టుకోవాలి, ఇరుకు మూలల్లో అది కుదరదు. 84 గ్రా. తీసేశాం.
2. ఆరెను వేడి చేసి కన్నాలు పెట్టడం. సులువుగా దిగింది. కరిగిన నైలాన్ చల్లారాక కన్నం అంచు గాజుపెంకులా గట్టిపడి, కుదుపు పరీక్షలో దారాన్ని కోసేసింది. ఈ దారి పట్టొద్దు.
3. సైకిల్ ట్యూబు ముక్క, 4×4 సెం.మీ., 1.6 గ్రా. సూదిని దీంతో పట్టుకుంటే మూడు పొరల వరకు జారలేదు. నాలుగో పొరకు చాల్లేదు.
4. 1.2 మి.మీ. లావు సూదితో ముందుగా కన్నం పెట్టి, అదే కన్నంలోంచి 0.9 సూదిని పంపి, ట్యూబు ముక్కతో లాగడం. ఇది పని చేసింది. కింద పాత చెప్పు అట్ట పెట్టుకుంటే సూది వంగదు, తొడలో దిగదు.

62 గ్రా. చిన్న ప్లయర్‌ను ఈ దశలో తీసేశాం. ట్యూబు ముక్క ఉండగా ఎందుకన్నది అప్పటి వాదన. దశ 4లో ఆ వాదన తప్పని తేలింది.

ఉంచినవి: 0.7 మి.మీ. సూదులు 2, 0.9 మి.మీ. సూదులు 2, లావుది 1, వంపుది 1, తోలుది 1. అన్నీ కలిపి 1.8 గ్రా., ప్లాస్టిక్ గొట్టం 3.0. దారానికి పూసే తేనెమైనం 2.0. పది సెం.మీ. కత్తెర 19.0.

నడుస్తున్న మొత్తం: 29.1 గ్రా.

దశ 3: చిరుగులు, మాసికలు, జిగురు

రిప్‌స్టాప్ నైలాన్‌లో 8 సెం.మీ. ఎల్ ఆకారపు చిరుగు చేసి పని మొదలుపెట్టాం.

మొదటి తప్పు కుట్ల దూరం. గట్టిగా ఉంటుందని 1.5 మి.మీ.కు ఒక కుట్టు వేస్తే, లాగినప్పుడు దారం తెగలేదు, గుడ్డే కుట్టు వెంబడి చిరిగింది. దగ్గర దగ్గర కన్నాలున్న కాగితం చింపినట్టే చిరిగింది. పల్చటి గుడ్డకు 3 మి.మీ., పట్టీకి 4 మి.మీ. ఉంచాలి. చిరుగు అంచు నుంచి కనీసం 5 మి.మీ. లోపలికి సూది దిగాలి. ఇంకా అంచుకు వస్తే పడుగు పేకలు జారిపోయి కుట్టు ఊడి వస్తుంది.

రెండో తప్పు వరస. ముందు మాసిక టేపు అంటించి తర్వాత దాని మీదుగా కుడితే జిగురు సూదికి పట్టి, ప్రతి నాలుగు కుట్లకూ తుడవాల్సి వచ్చింది. పైగా టేపు నిండా కన్నాలు, వాన దిగడానికి దారులు. కుట్టు ముందు, టేపు తర్వాత.

మూడోది మాసిక మూలలు. చదరంగా కోసిన టేపు మూలలు బ్యాగులో ఒరిపిడికి లేచాయి. గుండ్రంగా కోసినది లేవలేదు. అందుకే టేపును ఇంట్లోనే కోసి పెట్టుకోవాలి: 7.5 సెం.మీ. గుండ్రాలు 2, మూలలు గుండ్రం చేసిన 5×10 సెం.మీ. ముక్కలు 2, 2.5 సెం.మీ. గుండ్రాలు 4.

నిలిచిన పద్ధతి:

1. చిరుగు చుట్టూ ఆల్కహాల్ తుడుపుతో రెండు వైపులా తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి.
2. చిరుగు కొసకు 5 మి.మీ. అవతల మొదలుపెట్టి టెక్స్ 27తో వెనక కుట్టు (ప్రతిసారీ సూదిని ఒక అడుగు వెనక్కి తెచ్చి దించేది) వేయాలి. ఎల్ ఆకారపు మూలలో రెండు కుట్లు అదనం.
3. కుట్టు గుడ్డను ముడుచుకుపోయేలా లాగకూడదు. అంచులు ఒకదానికొకటి తాకితే చాలు.
4. చిరుగుకు అన్ని వైపులా 25 మి.మీ. దాటేలా టేపు మాసిక. వాన తగిలే గుడ్డకైతే లోపలి వైపు ఇంకొకటి.
5. చెంచా వీపుతో మధ్య నుంచి అంచులకు నిమిషం పాటు రుద్దాలి. ఒక రోజు గడవకుండా తడపొద్దు.

సిలికాన్ పూత ఉన్న టెంటు గుడ్డ మీద ఇదంతా విఫలమైంది. మర్నాడు గుడ్డ మడిస్తే టేపు దానంతట అదే ఊడి వచ్చింది. సిలికాన్‌కు సిలికాన్ జిగురు తప్ప ఇంకేదీ సరిగా పట్టదు. బయలుదేరే ముందే టెంటు ఏ పూతదో చూసుకోవాలి: మామూలు పారదర్శక టేపు ముక్క అంటించి లాగితే, పట్టేమీ లేకుండా జారి వచ్చేది సిలికాన్. అలాంటి టెంటుకు దారిలో కుట్టు ఒక్కటే వేసి, ఇంటికొచ్చాక సిలికాన్ పూయడమే మార్గం. రెండు రకాల జిగురు మోయడం ఈ బరువులో కుదరదు. పాలీయురెథేన్ పూతలకు పనికొచ్చే 7 గ్రా. చిన్న ట్యూబు ఒకటి పెట్టాం, ట్యూబుతో కలిపి 9.5.

ఆ జిగురు గాలిలోని తేమతోనే గట్టిపడుతుంది. ఒకసారి మూత తీసిన పెద్ద ట్యూబు తర్వాతి ప్రయాణానికి రాయిలా మారింది. చిన్న ట్యూబు, సీలు తీయనిది మాత్రమే పెట్టుకోవాలి. ఆరడానికి రాత్రంతా పడుతుంది. కన్నం అవతలి వైపు టేపు ముక్క అడ్డం పెట్టకపోతే కారి లోపలి పొరకు అంటుకుంటుంది.

ఈకల జాకెట్‌కు సూది వద్దు. ప్రతి సూది కన్నమూ ఈక బయటికొచ్చే దారే. బయటికి తొంగి చూస్తున్న ఈకను లాగకుండా లోపలికి నెట్టి, 2.5 సెం.మీ. గుండ్రం అంటించాలి. ఈక ఒక్కటి టేపు కింద చిక్కినా ఆ వైపు పట్టదు.

దోమతెరకు తెర ముక్కనే మాసికగా పెట్టి అంచు చుట్టి కుట్టాలి. జిగురు చుక్కలు కన్నాల్లోంచి కారి స్లీపింగ్ బ్యాగుకు అంటాయి.

ఫ్లీస్, సాగే ప్యాంట్లలో తిన్నని వెనక కుట్టు ఒక్క గుంజుకే పుటుక్కున తెగింది. గుడ్డ సాగింది, కుట్టు సాగలేదు. అడ్డదిడ్డంగా ఇంటూ గుర్తుల్లా పడే హెరింగ్‌బోన్ కుట్టుకు మారాక గుడ్డతో పాటే కుట్టూ సాగింది.

టేపు ముక్కలు 6.0, తుడుపులు మూడు 3.0, జిగురు 9.5. గుడ్డలు: తెర 10×15 సెం.మీ. 0.5, రిప్‌స్టాప్ 10×15 సెం.మీ. 1.1, మందపు బ్యాగు గుడ్డ 10×10 సెం.మీ. 2.5.

నడుస్తున్న మొత్తం: 51.7 గ్రా.

దశ 4: జిప్పు

జిప్పు పళ్లు పట్టకపోతే జనం పళ్లను అనుమానిస్తారు. కాయిల్ జిప్పుల్లో (పళ్లు చుట్టలు తిరిగిన ప్లాస్టిక్ తీగతో ఉండేవి) ఎక్కువసార్లు అరిగేది రన్నరే, అంటే పళ్ల మీద నడిచే ముక్కే. ఇసుక, దుమ్ము లోపల ఒరిసి దాని నోరు తెరుచుకుంటుంది. అరిగిన రన్నర్ నోరు కొత్తదానికన్నా 0.3 మి.మీ. వెడల్పు తేలింది. అంత తేడాకే పళ్లు కలవకుండా వెనక విడిపోతున్నాయి.

చక్కదిద్దే వరస:

1. పళ్లను పాత టూత్‌బ్రష్‌తో దులిపి, నీళ్లతో కడిగి ఆరబెట్టాలి. కొన్నిసార్లు ఇంతటితోనే సరిపోతుంది.
2. రన్నర్‌కు ముందు రెండు నోళ్లు, వెనక ఒకటి. కలిసిన పళ్లు బయటికొచ్చే వెనక వైపున, కుడి అంచును ప్లయర్‌తో కొద్దిగా నొక్కాలి, తర్వాత ఎడమ అంచును అంతే నొక్కాలి.
3. నడిపి చూడాలి. పట్టకపోతే మళ్లీ కొద్దిగా.

ఒకేసారి గట్టిగా నొక్కితే రన్నర్ కదలకుండా బిగుసుకుంది. ఇంకొకటి రెండో నొక్కుకే పగిలింది. పోత పోసిన జింకు మిశ్రమం వంగే లోహం కాదు. నొక్కడం తాత్కాలికమే, అరుగుదల అలాగే ఉంటుంది. అందుకే విడి రన్నర్లు.

ఈ నొక్కుడు ట్యూబు ముక్కతో జరిగే పని కాదు. ప్లయర్ తిరిగి కిట్‌లోకి వచ్చింది, 62 గ్రా. వచ్చాక సూది లాగే పనినీ అదే తీసుకుంది. నాలుగు పొరల్లోంచి సూదిని నిటారుగా లాగాలి, పక్కకు తిప్పితే బెజ్జం దగ్గర విరుగుతుంది. బ్యాగులో ప్లయర్ ఉన్న మల్టీటూల్ ఎలాగూ ఉన్నవాళ్లు ఈ 62 గ్రా. మిగుల్చుకోవచ్చు. ట్యూబు ముక్కను మాత్రం తీయలేదు, తడి చేతులకు ప్లయర్ కన్నా అదే హాయి.

విడి రన్నర్ ఎంపికలో ఒక తప్పు: 5 నంబరు జిప్పుకు 5 నంబరు రన్నరే తెచ్చినా ఎక్కలేదు. అది పోత ప్లాస్టిక్ పళ్ల జిప్పుది, జిప్పేమో కాయిల్ రకం. నంబరు దాదాపుగా మూసిన పళ్ల వెడల్పును మి.మీ.లో చెబుతుంది, రకాన్ని చెప్పదు. రన్నర్ వీపు మీద అచ్చు ఉంటే అది చూసి, లేకపోతే పాతదాన్ని పక్కన పెట్టి పోల్చి తీసుకోవాలి.

ఎక్కించడానికి జిప్పు అడుగు కొస దగ్గర 2 సెం.మీ. కుట్టు విప్పి, రెండు వైపుల పళ్లూ సమానంగా దూర్చి, కొస దగ్గర పళ్ల మీదుగా 6 నుంచి 8 చుట్లు టెక్స్ 70తో కుట్టాలి. ఆ చుట్లే అడ్డుకట్ట.

కాయిల్ రన్నర్లు 3, 5, 8 నంబర్లు ఒక్కొక్కటి: 7.6 గ్రా.

నడుస్తున్న మొత్తం: 121.3 గ్రా.

దశ 5: పట్టీ, బకిల్

సామాన్లన్నిటి మీద ఉన్న బకిళ్లు లెక్కపెడితే 14. వాటిలో 25 మి.మీ.వి 9, 20 మి.మీ.వి 4, నడుము పట్టీది 38 మి.మీ. ఒకటి. కాబట్టి 25 మి.మీ.ది, కడ్డీకి సందు ఉన్న రకం తీసుకున్నాం. కుట్టేసిన పట్టీ ఉచ్చును విప్పకుండానే ఆ సందులోంచి ఎక్కించొచ్చు. 11.0 గ్రా., 30 సెం.మీ. పట్టీ ముక్క 7.5.

ఊడిన భుజం పట్టీకి 20×20 మి.మీ. చదరం, లోపల ఇంటూ గుర్తు కుట్టు. మొదటిసారి 60 సెం.మీ. దారం తీసుకుంటే మొదటి కర్ణం దాటకుండానే అయిపోయింది. లెక్క ఇలా చూసుకోవాలి:

- చదరం 80 మి.మీ., రెండు కర్ణాలు 56. దారం తెంపకుండా కుట్టాలంటే ఒక భుజం మీద రెండోసారి నడవక తప్పదు, ఇంకో 20. మొత్తం 156 మి.మీ.
- వెనక కుట్టుకు పైన ఒక వంతు, కింద రెండు వంతులు: 156×3, అంటే దాదాపు 47 సెం.మీ.
- 4 మి.మీ.కు ఒకటి చొప్పున 39 కుట్లు. ఒక్కో కుట్టు 4 మి.మీ. మందాన్ని రెండుసార్లు దాటుతుంది: 31 సెం.మీ.
- కొసలకు 15.

మొత్తం 93 సెం.మీ., అంటే రెండు మూరలు. పల్చటి గుడ్డల అలవాటుతో తీసిన దారం మందం దగ్గర చాలదు. ఇంత పొడవు దారం ఒకేసారి లాగితే చిక్కుపడుతుంది. సగం బయట వదిలి మధ్య నుంచి మొదలుపెట్టి, ఒక సగం అయ్యాక సూదిని రెండో కొసకు మార్చితే చిక్కు లేదు. ఈ లెక్కన 20 మీటర్ల దారం ఇలాంటి పట్టీలు ఇరవై ఒకటికి వస్తుంది.

పిన్నీసులు రెండు, బొత్తాలు రెండు: 1.8 గ్రా.

నడుస్తున్న మొత్తం: 141.6 గ్రా.

దశ 6: సంచి, చీకట్లో పరీక్ష

రేకు డబ్బా బదులు జిప్ ప్లాస్టిక్ కవరు, 3.0 గ్రా. మొత్తం 144.6. సూదులకు నూనె గుడ్డతో ఒక తుడుపు ఇచ్చి గొట్టంలో పెట్టకపోతే తేమకు తుప్పు పట్టి, ఆ గరుకు దారాన్ని తింటుంది.

తలకు దీపం పెట్టుకుని, గడ్డి మీద, తడి చేతులతో మూడు పనులు చేసి చూశాం: పట్టీ చదరం 50 నిమిషాలు, ఎల్ చిరుగు 25, రన్నర్ మార్పు 20. బయటపడ్డ లోపాలు రెండు. ఒకటి, గొట్టం మూత తీయగానే సూదులన్నీ గడ్డిలో పడ్డాయి. మూత లోపల చిన్న నురుగు ముక్క కుక్కి, సూదులు దానికి గుచ్చాం. అయస్కాంతం పెడదామన్న ఆలోచన మానుకున్నాం, దిక్సూచి పక్కనే ఉండే సంచిలో అది ప్రమాదం. రెండు, బూడిద రంగు రిప్‌స్టాప్ ముక్క మీద ఏదీ కనిపించలేదు. దాన్ని నారింజ రంగు ముక్కతో మార్చాం. పని చేసేటప్పుడు ఒళ్లో పరుచుకుంటే పడిన సూది దాని మీద కనబడుతుంది, అవసరమైతే అదే మాసిక.

మిగిలిన పని: నడుము పట్టీ 38 మి.మీ. బకిల్ విరిగితే ఇప్పటికి ఉన్న దారి 30 సెం.మీ. పట్టీ ముక్కను ముడి వేసి నడవడమే. ముడి నడుముకు ఒత్తుకుంటుంది. 5.4 గ్రా. మాత్రమే మిగిలింది, ఆ కొలత బకిల్ అందులో పట్టదు. 8 నంబరు రన్నర్ తీసేసి చోటు చేయొచ్చా అన్నది తర్వాతి తూకంలో చూడాలి.